మోడెం మూగబోయిన దసరా

ఇటు వచ్చి సరిగ్గా కూర్చో అమ్మీ. అలా మంచానికి వాలిపోతే సగం మాటలు చెవిన పడవు. రాసుకుంటానన్నావు కదా, చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నీ తెలివి కలపొద్దు. నేను ఎవరినైనా తిడితే తిట్టినట్టే రాయి.

పొద్దుటి నుంచి చూస్తున్నాను. కంప్యూటరులో ఏదో అక్కర్లేదని తీసేశావంట, ఇప్పుడు ప్రింటరు పలకడం లేదంట, ఇల్లంతా తిరుగుతూ గొణుక్కుంటున్నావు. ఆ గొణుగుడు వినగానే నాకొక దసరా గుర్తొచ్చింది. ఇదే ఆళ్లగడ్డ, ఇదే ఇల్లు. మీ నాయన అప్పుడు నిక్కరు వేసుకుని బడికి పోయేవాడు. నాకు ముప్పై కూడా నిండలేదు, జడ నడుము దాటి ఉండేది. నవ్వకు. ఉండేది.

ఇప్పుడు మీ నాయన బండి పెట్టుకునే వీధి గది ఉంది చూడు, అది అప్పుడు ఎస్టీడీ బూతు. పైన పసుపుపచ్చ బోర్డు, లోపల అద్దాల గూడు, గూట్లో ఒక ఫోను, నా బల్ల మీద ఒక ఫోను, పక్కన ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు. మా మామ బస్టాండు దగ్గర ఎరువుల అంగడి చూసుకునేవాడు. బూతు మాత్రం నాది. కాగితాల్లో ఆయనదే, కుర్చీలో కూర్చునేది నేను. పదో తరగతితో నన్ను చదువు మాన్పించారు. పెళ్ళయ్యాక పొయ్యి ముందు తప్ప ఇంకెక్కడా కూర్చుని ఎరగను. అలాంటిది ఆ ఇనుప కుర్చీ ఎక్కాక ఊరందరికీ ఎస్టీడీ అక్కనయ్యాను.

అహోబిలం పోయే భక్తులు ఇక్కడే బస్సు దిగి, క్షేమంగా చేరామని ఇంటికి చెప్పుకునేవాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ సంచుల్లోంచి తులసి వాసన, పులిహోర వాసన కలిసి వచ్చేది. నా బల్ల మీద ఆకులో ఇంత పెట్టి పోయేవాళ్ళు. వెనక సందులో శిల్పుల పాకలు. తెల్లారితే ఉలుల చప్పుడే. బల్ల తుడిచిన కాసేపటికే రాతి పొడి మళ్ళీ పరుచుకునేది, వేలితో పేరు రాయొచ్చు. ఫోను పట్టుకున్నవాళ్ళు రెండో చెవి మూసుకుని అరిచి మాట్లాడేవాళ్ళు. అలా అరిస్తే నేను వినకుండా ఎట్లా ఉంటాను? ఎవరింట్లో కాన్పయిందో, ఎవరికి సంబంధం తప్పిపోయిందో ఊరికంటే ముందు నాకు తెలిసేది. దానికి నాకు గర్వంగా ఉండేది. ఎందుకుండకూడదు?

అప్పుడు వచ్చింది మీ చిన్నవ్వ, ఇప్పుడు వంటింట్లో ఉన్న ఆమే.

మీ తాత తమ్ముడికి నంద్యాల పిల్లను చేసుకొచ్చారు. డిగ్రీ చదివింది, పైగా కంప్యూటరు కోర్సు. సన్నగా ఉండేది, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట. పెళ్ళి పందిరి ఇంకా విప్పక ముందే మామతో అన్నది, ఉత్త ఫోన్ల బూతులు ఇంక ఎక్కువ కాలం నడవవు, కంప్యూటరు పెట్టి నెట్ తెప్పిస్తే శిల్పులకు పనికొస్తుంది, పిల్లల పరీక్ష ఫలితాలకు పనికొస్తుంది అని. నేను ఆ అద్దాల గూట్లో ఒక ఫ్యాను పెట్టించండి మామా అని ఎన్ని ఎండాకాలాలు అడిగానో. ఆయన తలూపేవాడు, మర్చిపోయేవాడు. ఆమె ఒక్క మాట అంటే నంద్యాల పోయి కంప్యూటరే తెచ్చాడు.

జీపులో, దుప్పట్లో చుట్టి, బాలింతను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చాడు. మా అత్త గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. దానికి వేడి తగలకూడదని కొత్త ఫ్యాను వచ్చింది. చూశావా, ఫ్యాను! ఆమె కూర్చోవడానికి తిరిగే కుర్చీ వచ్చింది. నా ఇనుప కుర్చీ గోడ వారకు జరిగింది. రాతి పొడి పడకుండా అత్త దానికి ఒక ముసుగు కుట్టింది. దేంతో కుట్టింది అనుకున్నావు? రవికకు ఇమ్మని నేను అడిగీ అడిగీ నోరు నొప్పి పుట్టిన ఆ నెమలికంఠం రంగు పట్టుగుడ్డతో. నా ఒంటికి దక్కని పట్టు ఆ పెట్టెకు దక్కింది. ఆ రోజు నేను చేసిన పప్పులో ఉప్పు ఎక్కువైందని అందరూ అన్నారు. అవుతుంది మరి.

కంప్యూటరు పక్కనే తమలపాకుల పెట్టె అంత నల్లటి డబ్బా ఒకటి, ముందు వరసగా ఎర్ర దీపాలు. దాన్ని మోడెం అనేవాళ్ళు. ఫోను తీగ ముందు దాంట్లోకి పోయేది, దాంట్లోంచి కంప్యూటరులోకి పోయేది. ఇప్పుడు మీకు నెట్ గాలిలో ఊరికే వస్తోంది. అప్పుడు ఫోను చేసి పిలిస్తేనే వచ్చేది. ఆమె మీట నొక్కగానే ఆ డబ్బా తనంతట తాను నంబరు తిప్పుకునేది. తర్వాత కీ అని కూత, ఆ తర్వాత గొంతులో కఫం అడ్డం పడినట్టు గరగర, చివరికి చప్పుడు ఆగిపోయేది. ఆగిందంటే కలిసిందని అర్థం. మొదటిసారి ఆ కూత వినడానికి వీధి వీధంతా వచ్చి నిలబడింది. నా బూతుకు ఎన్నడూ అంతమంది రాలేదు.

కలిసిందంటే నా పని ఆగిందని కూడా అర్థం. ఇంటికి ఉన్నది ఒక్కటే లైను. కొత్త లైనుకు అర్జీ పెడితే వచ్చేదాకా ఎదురు చూస్తూ కూర్చోవలసిన కాలం అది. ఆమె నెట్లో ఉన్నంతసేపూ నా ఫోన్లు రెండూ చచ్చిపడి ఉండేవి. బయట భక్తులు వరస కట్టి గొణిగేవాళ్ళు. నేను గోడ వారన ఇనుప కుర్చీలో కూర్చుని ఆమె కుర్చీ అటూ ఇటూ తిరగడం చూసేదాన్ని.

వెనక సందులో పెద్ద శిల్పి ఉండేవాడు. ఆయన ఎన్నో ఏళ్ళుగా నా దగ్గరే ఫోను చేసుకునే మనిషి. నా చేత నంబరు తిప్పిస్తేనే కలుస్తుందని ఆయనకు నమ్మకం. బెంగళూరు నుంచి ఎవరో గుడికి బొమ్మ చెక్కాలని, దాని ఫోటోను నెట్లో పంపారు. ఆయన తలకు చుట్టిన తుండు విప్పి చేత పట్టుకుని, ఆమె కుర్చీ వెనక గుళ్ళో నిలబడినట్టు నిలబడ్డాడు. ఫోటో పైనుంచి కిందికి గీత గీతగా దిగుతోంది. కిరీటం వచ్చింది, నుదురు వచ్చింది. ఆయన నా వైపు తిరిగి, “ఎస్టీడీ అక్కా, రోంత పక్కకు జరుగు, మొగం కనపడల్యా” అన్నాడు.

నా బూతులో నన్నే జరగమన్నాడు. జరిగాను. ఏం చేస్తాను?

ఇంతలో దసరా వచ్చింది. మన ఇళ్ళల్లో మహర్నవమి నాడు ఆయుధపూజ ఎట్లా చేస్తామో నీకు తెలుసు. అంతకు ముందే బూజులు దులపాలి, పనిముట్లన్నీ కడగాలి. పూజ నాడు పనిముట్టును పనికి వాడకూడదు, మరునాడు మంచి గడియ చూసి మళ్ళీ మొదలుపెట్టాలి. మా అత్తకు ఈ విషయంలో పట్టుదల ఎక్కువ. కోడళ్ళిద్దరినీ నిలబెట్టి చెప్పింది, “ఎవురి చేతి పనిముట్టు వాళ్ళే శుభ్రం చేసుకోవాల. పైపైన తుడిస్తే గాదు, లోపల గూడా. లోపల కసువు పెట్టుకొని పైన పసుపు పూస్తే అమ్మవారు ఒప్పుకోదు.”

నేను గూటి అద్దాలు తుడిచాను, ఫోన్ల చక్రాల సందుల్లో పుల్ల పెట్టి మట్టి తీశాను, మీటరు వెనక బల్లి గుడ్లు కూడా తీసి పారేశాను. మీ చిన్నవ్వ కంప్యూటరు పైన బట్టతో తుడిచి, ఆ తర్వాత దాని ముందు కూర్చుని చాలాసేపు ఏదో నొక్కుతూ ఉండిపోయింది. ఏం చేస్తున్నావని అత్త అడిగితే, లోపల ఊడుస్తున్నా అత్తా అన్నది. అత్త మురిసిపోయింది. చూసి నేర్చుకో అన్నట్టు నా వైపు చూసింది. బల్లి గుడ్లు తీసిన దాన్ని నేను!

పూజ నాడు పెద్దకోడలి చేత్తోనే బొట్లు పెట్టించడం ఈ ఇంటి ఆనవాయితీ. ఆ ఒక్కటీ నాకు మిగిలింది. లోపల పెనం మీద పూర్ణం బక్షాలు కాలుతున్నాయి, నెయ్యి వాసన వీధి దాకా. మామ అంగట్లోంచి తెచ్చిన కాటాకు, మరిది బండికి, నా ఫోన్లకు, చివరికి కంప్యూటరుకు, మోడెంకు పసుపు కుంకుమ పెట్టాను. మోడెం మీద ఒక చామంతి పువ్వు పెట్టాను. తడి తగలకుండా చూడక్కా అన్నది ఆమె. నేను ఎండు పసుపు, ఎండు కుంకుమే పెట్టాను. పువ్వును కూడా కొంగుతో తుడిచి పెట్టాను. ఈ మాట బాగా కనపడేటట్టు రాయి.

మరునాడు విజయదశమి. మంచి గడియ రాగానే మామ టెంకాయ కొట్టాడు. పెద్ద శిల్పి తలంటుకుని వచ్చి కూర్చున్నాడు. బొమ్మ ముఖం ఎట్లా ఉండాలో అడుగుతూ ముందే ఒక జాబు పంపించి ఉన్నాడు, దానికి జవాబు వచ్చి ఉంటుంది. అది చూస్తేగానీ ఆయన రాతి మీద ఉలి పెట్టడు. చిన్నవ్వ మీట నొక్కింది.

మోడెం పలకలేదు.

మళ్ళీ నొక్కింది. కూత లేదు, గరగర లేదు. ఎర్ర దీపాల్లో ఒక్కటి మాత్రం వెలిగి ఊరికే చూస్తోంది. ఆమె తీగ పీకి పెట్టింది. ఆ తీగను తీసి నా ఫోనుకు పెట్టి చూసింది, ఫోనులో గుయ్ మని బాగానే వినపడుతోంది. గోడకున్న డబ్బా విప్పి చూసింది. మోడెం వెనక రాతి పొడి ఊదింది. కంప్యూటరును ఆపి, మళ్ళీ వేసింది. తెర మీద ఏదో పలక వచ్చి నిలబడింది. మామ ఏందీ అంటే, మోడెం కనపడటం లేదని చెబుతోంది మామా అన్నది.

మా అత్తకు అది నచ్చలేదు. “కండ్ల ముందర ఉంది గదా, కనపడకపోవడమేంది దానికి?”

అంటూనే మోడెం మీది కుంకుమ వైపు చూసింది. కుంకుమ నుంచి నా చేతి వైపు చూసింది. మామ కూడా అటే చూశాడు. శిల్పి నేల చూపు చూశాడు. నాకు తెలిసిపోయింది. ఆ కంప్యూటరు వచ్చిన దగ్గర్నుంచి నా ముఖం ఎట్లా ఉంటోందో ఇంట్లో వాళ్ళు చూడలేదా? కడుపుమంట కడుపులోనే ఉంటుందా, పైకి కూడా కనపడుతుంది.

నీళ్ళేమన్నా చల్లినావా అని అత్త మెల్లగా అడిగింది. లేదన్నాను. పువ్వు తడిగా ఉండిందేమో అన్నది. తుడిచి పెట్టానన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినపడింది. మామ పంచె సర్దుకుని లేచి నిలబడ్డాడు.

“పండగ పూట నేనేమీ అనను. రేపట్నుంచి నువ్వు ఇంట్లో పని చూసుకోమ్మా. బూతు గూడా ఆ పిల్లే చూసుకుంటాది.”

మీ తాత అక్కడే ఉన్నాడు. చామంతి రేకు ఒకటి వేళ్ళతో నలుపుతూ నిలబడ్డాడు. నాకు ఆ ఇనుప కుర్చీ, మీటరు, గూటి తలుపు కిర్రుమనే చప్పుడు, అన్నీ ఒక్కసారిగా కండ్ల ముందు తిరిగాయి. ఇంక నన్ను ఎస్టీడీ అక్కా అని ఎవరు పిలుస్తారు? మళ్ళీ పొయ్యి దగ్గరికే.

కంప్యూటరు అమ్మిన నంద్యాల ఆయనకు ఫోను చేసి అడుగుదామని మామ అన్నాడు. పండగ కదా, అంగడి మూసి ఉంటుందని ఆయన ఇంటి నంబరు ఇచ్చాడు. నంబరు తిప్పింది నేనే. ఇదే చివరిసారి అనుకుంటూ తిప్పాను. ఆయన అన్నం తింటూ మాట్లాడాడు. మామకు ఆ మాటలు పట్టుబడవు, ఆమె తెర ముందు నుంచి లేవకూడదంట. అందుకని ఆయన అడిగింది నేను ఆమెకు చెప్పడం, ఆమె చెప్పింది నేను ఆయనకు చెప్పడం. దీపం వెలుగుతోందా? వెలుగుతోంది. తీగ గట్టిగా ఉందా? ఉంది. కొత్తగా ఏమైనా ఎక్కించారా? లేదు. అప్పుడు ఆయన అడిగాడు.

“పోనీ, దాంట్లో నుంచి ఏమన్నా తీసేసినారామ్మా?”

నేను ఫోను చెవికి పెట్టుకునే తిరిగి, “ఏమన్నా తీసేసినావా అని అడుగుతాండాడు” అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. బుగ్గ మీది సొట్ట ఎక్కడ పోయిందో. చేయి మీట మీదే ఉండిపోయింది. నాకు పెద్ద చదువు లేదు కానీ మనిషి ముఖం చదవడం బూతులో కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. లోపల ఊడుస్తున్నా అత్తా అన్న మాట గుర్తొచ్చింది. అమ్మీ, ఆ క్షణంలో నాకెంత సంతోషం వచ్చిందో చెప్పలేను. తిరిగే కుర్చీకి, పట్టు ముసుగుకు, ఫ్యానుకు, అన్నింటికీ కలిపి ఒకేసారి జవాబు దొరికింది. మామ ముందర, శిల్పి ముందర, నెమ్మదిగా, మర్యాదగా అందామని మాటను నోట్లో సర్దుకుంటున్నాను.

ఈలోపు ఆమె లేచి నిలబడింది.

“నేనే తీసేసినా మామా. ఫ్యాక్సుదని ఒకటుంటే, మనకు ఫ్యాక్సు లేదు గదా, ఎందుకు కసువు అని తీసేసినా. దాంతో పాటే మోడెంను పలికించేది గూడా పోయినట్టుంది. అక్క పెట్టిన కుంకుమకూ దీనికీ ఏం సంబంధం లేదు. అక్కను బూతులోంచి లేపొద్దు.”

ఫోనులో నంద్యాల ఆయన, ఏమన్నారమ్మా, ఏమన్నారు అని అడుగుతున్నాడు. అత్త పొయ్యి మీద బక్షం మాడుతోందని లోపలికి పోయింది. మాడలేదు, నాకు వాసన తెలియదా?

నేను సంతోషించి ఉంటానని అనుకుంటున్నావు కదా. లేదు. నాకు దొరక్క దొరక్క దొరికిన ఒక్క మాటను ఆమె నా నోట్లోంచి లాక్కున్నట్టయింది. తప్పు చేసింది ఆమె, తల ఎత్తుకుని నిలబడింది కూడా ఆమె. ఇంట్లో అందరూ ఆమెనే చూస్తున్నారు, ఎంత మంచి పిల్ల అన్నట్టు. నా మీద పడ్డ నింద పోయిందని ఎవరికీ గుర్తు కూడా లేదు.

మోడెం డబ్బాతో పాటు వచ్చిన గుండ్రటి సీడీ ఉంటే దాంట్లోంచి మళ్ళీ ఎక్కించుకోవచ్చని ఆయన చెప్పాడు. సీడీ ఎక్కడ? వెతికితే పెరట్లో జామచెట్టుకు వేలాడుతోంది. మధ్యలో దారం కట్టడానికి వీలుగా బొక్క ఉంది, ఎండకు తళతళ మెరుస్తుంది, చిలకలు భయపడి కాయల జోలికి రావని మా అత్త ఎప్పుడో కట్టింది. ఎండకు, వానకు, కొమ్మల గీతలకు దాని ముఖం చెడిపోయింది. చిలకలు దాని పక్కనే కూర్చుని కాయలు తింటున్నాయి.

మరునాడు ఇంకో సీడీ కోసం ఆమెను నంద్యాల పంపాలి, తోడు నన్ను పొమ్మన్నాడు మామ. బస్సులో కిటికీ పక్కన నన్నే కూర్చోమన్నది. నాకు అది కూడా నచ్చలేదు. దారి పొడుగునా వరి చేలు, కోసిన పచ్చగడ్డి వాసన, ముందు సీట్లో ఎవరిదో చెనిక్కాయల మూట. సీడీ తీసుకున్నాక పుట్టింటికి తీసుకుపోయింది. వాళ్ళమ్మ బొరుగులు నానేసి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసి, కూతురి తల నిమురుతూ పెట్టింది. నాకు తల్లి లేదు. ఆ చేయి ఆ తల మీద ఉన్నంతసేపూ నేను బజ్జీని ముక్కలు చేస్తూ కూర్చున్నాను. ఏమ్మా, బూతంతా నువ్వే చూసుకుంటున్నావంటనే అని వాళ్ళమ్మ అడిగితే, “నేనేం చూసుకుంటానమ్మా, అంతా అక్కే. అక్క లేకుంటే ఆడ ఒక్కరు గూడా అడుగు పెట్టరు” అన్నది. నిజమే అన్నది. అబద్ధమైనా అని ఉంటే ఆమెను నాలుగు మాటలనడానికి దారి దొరికేది.

ఇంటికి వచ్చి కూర్చుంది. ముందు కంప్యూటరులో మిగిలిపోయిన ఆ పాత మోడెం పేరును కూడా పూర్తిగా తుడిచేయాలంట. అది సగం గుర్తు పెట్టుకుని ఉంటే కొత్తగా చెప్పింది వినదంట. తుడిచేసి, ఆపి, మళ్ళీ వేసింది. కొత్త వస్తువు ఏదో దొరికిందని తెర మీద వచ్చింది. సీడీ వేసింది. నెట్ నంబరు, పాస్‌వర్డనే రహస్యం మాట మళ్ళీ కొట్టింది. మీట నొక్కి కండ్లు మూసుకుంది. కీ అని కూత వచ్చింది, గరగర వచ్చింది. అత్త లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. సందులో ఉలుల చప్పుడు ఆగి, పెద్ద శిల్పి తుండు విదిలించుకుంటూ వచ్చాడు. ఆయనకు జవాబు వచ్చి ఉంది. బొమ్మకు చిరునవ్వు ఉండాలంట.

ఆ రోజు నుంచి సాయంత్రం భక్తులు దిగే వేళ లైను నాకు, మధ్యాహ్నం ఆమెకు. ఆ ఏర్పాటు కూడా ఆమే చేసింది. మామ సరేనన్నాడు. కొన్నేళ్ళకు కొత్త లైను వచ్చింది. ఆ తర్వాత అందరి జేబుల్లోకి ఫోన్లు వచ్చాయి, బోర్డు దింపేశాం. గూటి అద్దాలు మీ నాయన పెళ్ళప్పుడు బీరువాకు వేయించాము. ఆ కూత ఇప్పుడు ఎక్కడా వినపడదు. రోడ్డు మీద పోతుంటే ముసలివాళ్ళు మాత్రం ఆమెను ఇప్పటికీ కంప్యూటరమ్మా అని నిలబెట్టి పలకరిస్తారు. నన్ను కూడా పలకరిస్తారులే. కానీ ముందు ఆమెను.

ఒక్కటి రాసుకో. ఆమె ఆ రోజు నోరు తెరవకుండా ఉండి ఉంటే నేను చెప్పేదాన్నా, ఊరుకునేదాన్నా అని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. చెప్పేదాన్నే. అందరి ముందరా చెప్పేదాన్ని. ఆమె స్థానంలో నేనుంటే మాత్రం గుటక మింగి, నెపం కుంకుమ మీదికి పోనిచ్చేదాన్ని. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తెలిసి కూడా ఒక్కనాడు దెప్పలేదు. అందుకే ఆ కుర్చీని చూసి కాదు, పట్టుగుడ్డను చూసి కాదు, ఇప్పటికీ ఆమెను చూస్తే నాకు కడుపులో...

“అక్కా, సంగటి ఆరిపోతాంది. ఆ పిల్లను గూడా పిల్చుకొని బిరీన రా. నువ్వొస్తే గానీ నేను తినను.”